మా చర్చి స్త్రీల మైత్రి: మూడేళ్ళుగా వెళ్తున్నదాన్నిగా నా రివ్యూ

మా బొగ్గుగనుల ఊరికి బదిలీ మీద వచ్చే ఆడవాళ్ళు తరచూ అడుగుతుంటారు, స్త్రీల కూడికకి వెళ్తే ఏముంటుంది, నాలుగు పాటలు పాడి ప్రార్థన చేసుకుని వచ్చేయడమేనా అని. నేనూ అలాగే అనుకుని రెండేళ్ళు అటువైపు వెళ్ళలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దక్కలు "శుక్రవారం రామ్మా" అని పిలిస్తే, చూస్తానక్కా అని నవ్వి వచ్చేసేదాన్ని.

నాకు రెండో కాన్పు ఆపరేషన్ అయింది. మా అమ్మ లేదు. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి నైట్ షిఫ్ట్, పెద్దాడికి నాలుగేళ్ళు. ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైతే చూద్దును కదా, కార్యదర్శి అక్క, ఇంకో ఇద్దరు, ఒకరి చేతిలో క్యారియర్: అన్నం, బీరకాయ కూర, వెల్లుల్లి కారం. నేను పిలవలేదు, ఎవరితోనూ చెప్పలేదు. అందులో అరవై దాటిన ఒకావిడ నేరుగా పెరట్లోకి వెళ్ళి, కాళ్ళు బారచాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు పోసింది. వెల్లకిలా తిప్పాక నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టింది, ఒక్క చుక్క కళ్ళలో పడలేదు. సాంబ్రాణి పొగ పట్టి చుట్టి నా పక్కన పడుకోబెడితే వాడు మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు, వాడితో పాటు నేనూ. వెళ్ళేముందు "ప్రార్థన చేయమంటావా తల్లీ" అని అడిగి, చేయమంటేనే చేశారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అలా పదకొండు రోజులు, ఎవరి వంతు ఏ రోజో నోటుబుక్కులో రాసుకుని మరీ వచ్చారు.

ఆ అన్నం ఎక్కడిదో తర్వాత తెలిసింది. సభ్యురాలైన ప్రతి ఒక్కరి వంటింట్లో ఒక డబ్బా ఉంటుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి అందులో వేస్తారు. మా ఇంట్లో నెలాఖరుకి రెండున్నర, మూడు కిలోలు అవుతాయి. ఆ మూటలన్నీ చర్చికి చేరతాయి, అక్కడి నుంచి బాలింతలకి, భర్త పోయినవాళ్ళకి, మంచాన పడ్డ ముసలివాళ్ళకి. మా అమ్మమ్మ కూడా పిడికెడు బియ్యం తీసేది. ఆవిడ దీన్ని 'మదర్స్ యూనియన్' అనేది, అమ్మకొచ్చేసరికి 'స్త్రీల మైత్రి' అయింది. మదర్స్ యూనియన్‌ని 1876లో ఇంగ్లండ్‌లో మేరీ సమ్నర్ అనే ఒక పాస్టరుగారి భార్య మొదలుపెట్టారు, తన కూతురికి బిడ్డ పుట్టినప్పుడు, తొలిచూలు తల్లిగా తను పడ్డ భయం గుర్తొచ్చి. మా దోర్నకల్ ప్రాంతంలో దాన్ని నడిపించినవాళ్ళలో బిషప్ అజరయ్యగారి భార్య అన్బు అమ్మగారు ముఖ్యులు. నా ఇంటి తలుపు కొట్టింది ఆ భయం తెలిసిన ఆడవాళ్ళే కదా అనిపిస్తుంది నాకు.

నన్ను బాగా మార్చింది మాత్రం చిల్లర డబ్బా. లీస్ట్ కాయిన్ అంటారు. 1956లో శాంతి సాలమన్ అని మన దేశం ఆవిడే మొదలుపెట్టారు. మనసు నొప్పించిన మనిషి కోసం ప్రార్థన చేసిన ప్రతిసారీ, మన దేశంలో ఉన్న అతి చిన్న నాణెం పక్కన వేయాలి. ఉన్నవాళ్ళయినా లేనివాళ్ళయినా అదే నాణెం. ఇప్పుడు చేతిలో ఆడేది రూపాయే కాబట్టి మేం రూపాయి వేస్తాం. నాకూ మా తోడికోడలికీ ఇల్లు పంచుకున్న దగ్గర మాటలు పోయాయి. మొదట్లో డబ్బా ముందు నిలబడితే ఆవిడ పేరు నోట్లోంచి వచ్చేది కాదు. కానీ పొద్దున రూపాయి వేసి, మధ్యాహ్నం అదే మనిషిని తిట్టాలంటే నోరు రాదు. నాలుగు నెలలకి నేనే ఫోన్ చేశాను.

ఏటా మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం ఉంటుంది, ఆ రోజు ఏ సంఘం వాళ్ళైనా రావచ్చు. ఆ ఆరాధన క్రమాన్ని ఏడాదికొక దేశం ఆడవాళ్ళు రాస్తారు. పేరు కూడా తెలియని ఊళ్ళో తల్లుల కష్టాలు చదివి మన భాషలో ప్రార్థన చేస్తాం, నాకు చాలా ఇష్టం.

లోపాలు కూడా రాయాలి. ఒకటి, మామూలు కూడిక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. టీచర్లు, నర్సులు, షాపుల్లో పనిచేసేవాళ్ళు ఎలా రాగలరు? అడగ్గా అడగ్గా ఇప్పుడు నెలకి ఒకటి సాయంత్రం ఆరున్నరకి పెడుతున్నారు, సరిపోదు. రెండు, నేను ప్రార్థన కోసమని చెప్పుకున్న ఇంటి విషయం వారం తిరిగేసరికి కూరగాయల బజార్లో నాకే ఎదురొచ్చింది. చాలా ఏడ్చాను. ఆ సంగతి కూడికలోనే లేచి చెప్పాను. అప్పటి నుంచి పేర్లు లేకుండా చీటీ రాసి వేసే పద్ధతి వచ్చింది.

మూడోది అన్నిటికంటే పెద్దది. భర్త కొట్టాడని కూడికకి వచ్చిన ఒక చెల్లెలితో కొందరు పెద్దవాళ్ళు "ఓర్చుకో, ప్రార్థన చెయ్, మారతాడు" అన్నారు. కుటుంబం నిలబడాలనే మనమంతా కూడుకునేది, కానీ ఆడదాని ఒళ్ళు కమిలిపోతుంటే నిలబెట్టాల్సింది ముందు ఆమెని. విడాకులు తీసుకున్నవాళ్ళని మదర్స్ యూనియన్ కూడా దాదాపు వందేళ్ళు సభ్యులుగా చేర్చుకోలేదు, 1970లలో గానీ ఆ నియమం మారలేదు. మా దగ్గర కార్యదర్శి అక్క ఆ రోజు ఎవరి మాటా వినకుండా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించి, ఆ చెల్లెలి వెంట, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్ళి, రాత్రి తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది. అలాంటివాళ్ళు ఇంకా కావాలి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ మూడో దానికే.

కొత్తగా వచ్చేవాళ్ళు పాటల పుస్తకం లేకపోయినా రండి, పక్కవాళ్ళు చూపిస్తారు. చందా మొదటి రోజే ఎవరూ అడగరు. చంటిపిల్లలుంటే తెచ్చుకోండి, వెనక గదిలో పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంటుంది, ఊపడానికి ఎవరో ఒకరు అక్కడే కూర్చుంటారు. ఈ నెల ఆ వంతు నాదే.