కాశీ లాడ్జిలో గడ్డకట్టిన ఇన్సులిన్

గొదౌలియా దగ్గర మేము దిగిన లాడ్జి పేరు రాయను. కానీ మధుమేహం ఉన్న పెద్దవాళ్లను కాశీకి తీసుకెళ్లేవారు ఈ సంగతి తెలుసుకున్నాకే గది మాట్లాడుకోవాలి. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఏప్రిల్ ఎండల్లో అమ్మ, నాన్న, నేను బయలుదేరాం. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి ఇప్పుడు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్న పాత మొఘల్‌సరాయ్ దాకా ప్రయాణం హాయిగా సాగింది. అక్కడినుంచి ఆటోకు 600 రూపాయలు.

అమ్మ ఉదయం, రాత్రి పెన్నులాంటి సూదితో ఇన్సులిన్ తీసుకుంటుంది. వాడుతున్న పెన్నును 30 డిగ్రీల వేడి దాటకుండా చూసుకుంటే సుమారు నాలుగు వారాలు బయటే ఉంచుకోవచ్చు. పెన్నులో వేసే చిన్న మందు గొట్టాలకు, అంటే తెరవని కార్ట్రిడ్జ్‌లకు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం ఉండాలి. అందుకే ఫ్రిజ్ ఉందా అని ఫోనులో ముందే అడిగాను. ఉందన్నాకే రోజుకు 1,800 రూపాయల గది తీసుకున్నాను. తీరా వెళితే గదిలో ఫ్రిజ్ లేదు. కింద వంటగదిలో ఉందట, వాడుకుంటే రోజుకు 100 అదనమట. సరేనని కార్ట్రిడ్జ్‌లను డబ్బాలో పెట్టి, ‘ఐసు అరలో పెట్టకూడదు’ అని హిందీలో రాసిన కాగితం అతికించి, కౌంటరులో కుర్రవాడికి అప్పగించాను.

మర్నాడు ఆ డబ్బా ఐసు ముక్కల పక్కన కనిపించింది. పాల ప్యాకెట్లకు చోటు చాలక పైకి మార్చారట. లోపలి రెండు కార్ట్రిడ్జ్‌లూ గడ్డకట్టాయి. “కాసేపు ఎండలో పెట్టండి, కరుగుతుంది” అన్నాడు మేనేజరు. కరుగుతుంది, కానీ ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే దాని బలాన్ని నమ్మలేం, పారేయాల్సిందే. ఆ మాటే చెబితే, “ఒక పూట మందు మానితే ఏమవుతుందమ్మా?” అని విసుక్కున్నాడు. అమ్మ ముఖం చిన్నబోయింది. గొడవంతా తనవల్లేనన్నట్టు, “పోనీ లేమ్మా, ఇంటికి వెళ్లిపోదాం” అంది. మామూలుగా గట్టిగా మాట్లాడని నాన్న ఆ కౌంటరు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మిగిలిన రోజుల అద్దె వెనక్కి ఇచ్చేదాకా లేవలేదు. మందు ఖరీదు మాత్రం ఇవ్వలేదు.

తర్వాత మందుల దుకాణాల వేట. పెన్నులో ఆ రాత్రికి సరిపడా మందు మిగిలి ఉండటం మా అదృష్టం. మొదటి దుకాణంలో సీసా చేతిలో పెట్టి, సీసా, కార్ట్రిడ్జ్ రెండూ ఒకటేనన్నారు. ఒకటి కాదు. మన దేశంలో సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్ను కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. కార్ట్రిడ్జ్ మందును ఎర్ర మూత సిరంజిలోకి లాగి 20 గీత దాకా నింపితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. అది ప్రాణం మీదికి తెస్తుంది. చివరికి లంక ప్రాంతంలో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం గేటు దగ్గరి దుకాణంలో, అమ్మ వాడే రకమే దొరికింది. రెండింటికి 760 రూపాయలు. డాక్టరు చీటీ ఫోనులో ఫొటోగా కాకుండా కాగితం మీద ఉండటం అక్కడ బాగా పనికొచ్చింది.

అస్సీ ఘాట్ వైపు 1,400 రూపాయలకు మరో గది దొరికింది. అక్కడ ఫ్రిజ్ లేదని ఇంటావిడ ముందే నిజం చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, ఒక మట్టికుండ తెచ్చి, అడుగున తడి ఇసుక పోసి, పైన తడిగుడ్డ కప్పింది. కార్ట్రిడ్జ్‌లను నీరు చొరని డబ్బాలో పెట్టి ఆ కుండలో ఉంచాం. ఫ్రిజ్ అంత చల్లదనం ఇవ్వకపోయినా ఆ కాస్త రోజులకు ఎండ వేడి తగలకుండా కాపాడింది. అమ్మ ఆవిడను అక్కయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టింది. భాష రాకపోయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకున్నారు.

విశ్వనాథుని దర్శనం తెల్లవారుజామునే చేసుకున్నాం. అమ్మకు అరికాళ్లలో స్పర్శ తగ్గింది, మధ్యాహ్నం రాతినేల కాలుతున్నా తెలియదు. మేజోళ్లతోనే నడిపించి, రాత్రి గదిలో రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా చూసేదాన్ని. క్యూలో ఒకసారి చెమటలు పట్టాయి, చూస్తే చక్కెర 64. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 92. అమ్మకంటే నాన్నే ఎక్కువ బెదిరిపోయారు.

తిండి గురించి చెప్పాలి. కాశీలో పొద్దున్నే కచోరీ, జిలేబీ. అమ్మ వాటిని చూస్తూ నిలబడితే నాకు బాధగా ఉండేది. అస్సీ దగ్గర ఒక బండి మీద లిట్టీ-చోఖా దొరికాక ఆ దిగులు తీరింది. సత్తు అనే వేయించిన శనగల పిండిని వాముతో కలిపి గోధుమ ముద్దలో కూరి నిప్పుల మీద కాలుస్తారు, పక్కన కాల్చిన వంకాయ పచ్చడి. జంటకు 40 రూపాయలు. నెయ్యిలో ముంచవద్దంటే బండి ఆయన నొచ్చుకోకుండా వంకాయ రెండింతలు వేశాడు. అచ్చం మన కాల్చిన వంకాయ పచ్చడేనని అమ్మ ఇష్టంగా తింది. రెండు గంటల తర్వాత చక్కెర 148. ఇంట్లో ఇడ్లీ తిన్నా అంత తక్కువ రాదు. ఉప్పు, నిమ్మరసం వేసిన సత్తు నీళ్లు 20 రూపాయలు, లస్సీ బదులు అవే తాగాం.

లాడ్జివాళ్లు ఫోనులో ఫ్రిజ్ ఉందంటే ఫొటో పంపమనండి. పంపనంటే ఆ గది వద్దు. ఇన్సులిన్‌ను రెండు సంచుల్లో పంచి పెట్టుకోండి. రైల్లో భోజనం ఏ వేళకు వస్తుందో చెప్పలేం కాబట్టి, పళ్లెం చేతికి వచ్చాకే సూది వేసుకోమని మా డాక్టరు అమ్మకు చెప్పారు. మీవాళ్లు వాడే రకానికి ఎలాగో మీ డాక్టరును బయలుదేరే ముందే అడిగి రాయించుకోండి.