"ప్రతి ఒక్కరికీ సొంత షార్ట్ ఫిల్మ్" అనే డైరెక్షన్ కోర్సులతో జాగ్రత్త

డైరెక్టర్ అవుదామని కోర్సు వెతుక్కుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నేను చేరిన సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటివి రేపు ఇంకో పేరుతో వస్తాయి, వాటి పద్ధతి తెలిస్తే చాలు.

బ్రోషర్‌లో పెద్దక్షరాలతో ఉన్న హామీ, ప్రతి విద్యార్థీ సొంత షార్ట్ ఫిల్మ్‌తో బయటికి వెళ్తాడని. తీరా చూస్తే బ్యాచ్ మొత్తానికీ కలిపి ఒక్కటే ఫిల్మ్. పన్నెండు పేజీల స్క్రిప్టు, షూటింగ్‌కి ఒక్క రోజు. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద దాదాపు ఒక నిమిషమని లెక్క. అన్నీ సమకూరిన పెద్ద యూనిట్లే రోజుకు మూడు నాలుగు పేజీలు తీస్తే పని బాగా సాగినట్టు. ఇక్కడేమో ఉన్న ఒక్క కెమెరా వెనక 'యాక్షన్' చెప్పడానికి మేమంతా క్యూ. తలా రెండు మూడు షాట్లు ప్రసాదం పంచినట్టు పంచారు.

దాని ఫలితం ఎడిటింగ్‌లో బయటపడింది. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని గొడవపడే సీన్ అది. తండ్రి క్లోజప్ ఒకరు తీశారు, కూతురిది ఇంకొకరు. రెండోసారికి కెమెరా వాళ్లిద్దరినీ కలుపుతూ ఊహించుకునే గీత దాటి అవతలి వైపుకి వెళ్లిపోయింది. ఆ రెండు షాట్లూ వరసగా పెట్టి చూస్తే ఇద్దరూ ఎడమవైపుకే చూస్తున్నారు. వాళ్లలో వాళ్లు కాదు, ఇద్దరూ కలిసి తెర బయట మూడో మనిషితో పోట్లాడుతున్నారు! కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలనే 180 డిగ్రీల రూల్ మీద క్లాసులో స్లయిడ్ వేశారు, కాదనను. సెట్లో మాత్రం ఆపి చెప్పిన మనిషి లేడు. ఫ్యాకల్టీకి సాయంత్రంలోపు ప్యాకప్ చెప్పాలన్న టెన్షన్ తప్ప ఇంకోటి పట్టలేదు. సౌండ్ అయితే కెమెరాకున్న మైక్‌తోనే కానిచ్చేశారు.

నాకు అసలు మండింది ఆ తర్వాత. ఎడిటింగ్ రూమ్‌లోకి మమ్మల్ని పిలిచింది ఆ ఒక్కసారే. ఏ షాట్ తీయకుండా వదిలేశాం, పాడైన షాట్‌ని దేనితో కప్పిపుచ్చాలి అన్నది తెలిసేది అక్కడే కదా. పోనీ ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో వేసివ్వండి, మేమే కట్ చేసుకుని నేర్చుకుంటాం అంటే కుదరదన్నారు. అగ్రిమెంట్ తీసి చూపించారు. కోర్సులో తీసినదంతా సంస్థదే, వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా చూపించకూడదట. ఆ కాగితం మా ముందు పెట్టింది ఫీజు మొత్తం కట్టించుకున్నాక. హక్కులు తమ దగ్గరే ఉంచుకునే మంచి స్కూళ్లూ ఉంటాయి. కానీ విద్యార్థికి కాపీ ఇవ్వడం, షోరీల్‌లో, అంటే తన పని చూపించుకునే నమూనా వీడియోలో, పెట్టుకోనివ్వడం వేరే విషయం. అవి రెండూ లేకపోతే రేపు ఏ డైరెక్టర్ దగ్గరికైనా అసిస్టెంట్‌గా వెళ్లినప్పుడు చూపించడానికి సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుంది. ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

ప్లేస్‌మెంట్ అన్నది కూడా మాటే. ఒక ఫోన్ నంబర్ ఇచ్చి ప్రయత్నించుకోమన్నారు. దాని వెంటే ఇంకో ఆఫర్ వచ్చింది: సహనిర్మాతగా కొంత డబ్బు పెడితే సినిమాకి డైరెక్షన్ చాన్స్ ఇప్పిస్తామని. నిర్మాత డైరెక్టర్‌కి డబ్బిస్తాడు. డైరెక్టరే ఎదురిచ్చే చోట మీరు డైరెక్టర్ కాదు, కస్టమర్.

గోడ నిండా వేలాడే అవార్డుల్ని చూసి కూడా పడిపోకండి. ఎంట్రీ ఫీజు పేరున్న ఫెస్టివల్స్ కూడా తీసుకుంటాయి, కాబట్టి ఫీజు ఉందని అనుమానించక్కర్లేదు. సినిమా ఏ హాల్లో వేశారు, జ్యూరీలో ఎవరున్నారు అని అడగండి. ప్రతి నెలా అవార్డులిస్తూ, ఎక్కడా తెర మీద వేయకుండా మెయిల్‌లో సర్టిఫికెట్ పంపేవాళ్లు బోలెడుమంది. 'మా విద్యార్థులు' అన్న బోర్డు మీద ఉన్న ఒకతన్ని వెతికి మాట్లాడితే, తను వచ్చింది వారాంతపు వర్క్‌షాప్‌కి మాత్రమేనన్నాడు. అన్నట్టు, అదే గోడ మీద హాలీవుడ్ డైరెక్టర్లు క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరంటినో ఫొటోలు కూడా ఉన్నాయి. నోలన్ కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం, టరంటినో వీడియో షాపులో పనిచేస్తూ సినిమాలు చూసినవాడు. ఇద్దరూ ఏ ఫిల్మ్ స్కూల్‌కీ వెళ్లలేదు!

అలాగని కోర్సులన్నీ దండగ అనను. మరో హాలీవుడ్ డైరెక్టర్ మార్టిన్ స్కోర్సెసీ న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదువుకునే వచ్చాడు. చేరేటప్పుడు మాత్రం, కోర్సు మొత్తంలో నేను ఒక్కడినే పూర్తిగా డైరెక్ట్ చేసే సీన్లు ఎన్ని, ఎడిటింగ్‌లో నేను కూర్చుంటానా, ఫుటేజ్ నాకిస్తారా అని అడిగి, జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి. వాళ్లు చూపించే పాత విద్యార్థులు కాకుండా మీరే వెతికి పట్టుకున్నవాళ్లతో మాట్లాడండి. ఫీజు విడతలుగా కట్టండి. అగ్రిమెంట్ ముందు ఇవ్వనంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు బ్రోషర్, ప్రకటనల స్క్రీన్‌షాట్లు, రసీదులు ఈరోజే దాచుకోండి. నేను రీఫండ్ అడిగిన వారంలోపే మా సంస్థ వెబ్‌సైట్‌లో 'ప్రతి ఒక్కరికీ' అన్న మాట పోయి 'గ్రూప్ ప్రాజెక్ట్' అని వచ్చింది. పాత పేజీ నా దగ్గర ఉండబట్టి వినియోగదారుల ఫిర్యాదుకి దాన్నే జత చేశాను.