ఒంగోలులో ఎనిమిది ఆదివారాల తత్వశాస్త్ర తరగతులు

ఒంగోలు లాయర్‌పేటలోని ఒక చిన్న అధ్యయన కేంద్రంలో జరిగిన తత్వశాస్త్ర తరగతులకు ఎనిమిది ఆదివారాలు సింగరాయకొండ నుంచి రైలులో వెళ్లివచ్చాను. రుసుము 800 రూపాయలు. నాజీలు యూదులపై సాగించిన మారణకాండ తరువాత యూరప్ తత్వవేత్తలు తమ సంప్రదాయాన్ని తామే ఎలా నిలదీసుకున్నారన్నది పాఠ్యాంశం.

బోధన తెలుగులోనే సాగింది. ప్రకృతిని లొంగదీసుకోవడానికి బయలుదేరిన హేతువు చివరికి మనిషినే ఒక వస్తువుగా లెక్కగట్టిందని ప్రవాసంలో ఉండి జర్మన్ తత్వవేత్తలు అడోర్నో, హార్క్‌హైమర్ చేసిన వాదనను మాస్టారు ఎంతో ఓపికగా విప్పి చెప్పారు. 1961లో జెరూసలేం న్యాయస్థానంలో, యూదులను మరణశిబిరాలకు తరలించిన నాజీ అధికారి ఐక్‌మన్ తాను జర్మన్ తత్వవేత్త కాంట్ నీతిసూత్రం ప్రకారమే బతికానని చెప్పుకున్న ఘట్టానికి ఒక ఆదివారమంతా కేటాయించారు. ఆ రోజు కందుకూరు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు, "చదువు మనిషిని ఆపలేకపోతే మనం పిల్లలకు ఏం చెబుతున్నట్టు మాస్టారూ?" అని అడిగారు. ఆయన తొందరపడలేదు. నాజీల మరణశిబిరమైన ఆష్విట్జ్ లాంటిది మళ్లీ జరగకుండా చూడడమే విద్య మొదటి కర్తవ్యమని అడోర్నో 1966లో చేసిన రేడియో ప్రసంగాన్ని మరుసటి వారం అనువదించి తెచ్చి చదివారు. ఈ తరగతుల విలువ నాకు అక్కడే తెలిసింది.

జర్మన్ తత్వవేత్త హైడెగర్ విషయంలో మాత్రం, 1933లో నాజీ పార్టీలో చేరారని చెప్పి దాటవేయడం సరికాదు. 2014 నుంచి అచ్చయిన ఆయన నోటుపుస్తకాల్లోని యూదు ద్వేషాన్ని ప్రస్తావించనేలేదు.

నా అసలు అభ్యంతరం మరొకటి. అల్జీరియా అరబ్బులపై, భారతదేశపు కూలీలపై, ఆఫ్రికా నల్లవారిపై అప్పటిదాకా ప్రయోగించిన పద్ధతులనే హిట్లర్ యూరప్‌లో ప్రయోగించాడని 1950లో కరీబియన్ దీవి మార్టినిక్‌కు చెందిన కవి ఎమె సెజేర్ రాశారు. మనల్ని పేరుపెట్టి పిలిచిన ఆ మాట పాఠ్యప్రణాళికలోనే లేదు. చివరి వారం జర్మన్ తత్వవేత్త యాస్పర్స్ 1946లో వివరించిన నాలుగు రకాల దోషాల గురించి, ముఖ్యంగా సాటి మనిషిని చంపుతుంటే బతికి మిగిలినవారిపై పడే దోషం గురించి విన్నప్పుడు, 1985 జులై 17న అప్పటి మన జిల్లాలోని కారంచేడులో హతులైన ఆరుగురు దళితులు నా కళ్లముందు మెదిలారు. ఆ ఊరి చుట్టుపక్కల అప్పటికి పెద్దవాళ్లమై ఉన్న మా తరానికి ఆ నాలుగింటిలో ఏది వర్తిస్తుందని అడిగాను. సమయం అయిపోయిందన్నారు.

తదుపరి విడతలో సెజేర్‌కు ఒక ఆదివారం, ఈ ప్రశ్నకు ఒక ఆదివారం చేర్చమని కేంద్రానికి రాసి ఇచ్చాను. చేర్చితే మళ్లీ రుసుము కట్టి వస్తాను.