పెళ్ళి గిఫ్టుల లిస్టు: మూడు శుభకార్యాలకు వాడాక నా అనుభవం

2022లో డాలస్‌లో మా పెళ్ళికి ఒక ఆన్‌లైన్ షాపులో గిఫ్ట్ రిజిస్ట్రీ పెట్టుకున్నాం, అంటే మాకు కావలసిన వస్తువుల లిస్టు; ఇవ్వాలనుకున్నవాళ్లు అందులోంచి కొంటారు. ఆ తర్వాత తమ్ముడి పెళ్ళికి, పోయినేడాది పిన్ని కూతురి శ్రీమంతానికి కూడా లిస్టు నేనే తయారుచేశాను. వస్తువుల సంగతి కంటే, దాన్ని ఇంట్లోవాళ్లకు ఎలా పంపాలన్నదే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటిసారి పెద్ద పొరపాటు చేశాను. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో శుభలేఖ పెట్టి, దాని కిందే ఈ లిస్టు లింకు కూడా పెట్టాను. గంటలో తెనాలి నుంచి పెద్దమ్మ ఫోను. "ఏమ్మా, చదివింపులు కూడా మీరే రాసి పంపుతున్నారా?" అంది. కోపం కాదు, బాధపడింది. నాకు ఏడుపొచ్చింది. అమెరికాలో ఇది పాత పద్ధతేనని, షికాగోలో మార్షల్ ఫీల్డ్స్ దుకాణం 1924లోనే మొదలుపెట్టిందని నాన్నకు చెప్పాను. నాన్న ఒకటే అన్నారు: "ఇక్కడ ఇచ్చినవాళ్ల పేరు ఇచ్చాక రాస్తాం తల్లీ, ముందు రాయం." నూట పదహార్లు ఇచ్చినా పుస్తకంలో పేరు గౌరవంగా ఎక్కుతుంది. అడిగి తీసుకున్నట్టు ఉండకూడదన్నదే వాళ్ల పట్టింపు. ఆ మాట న్యాయమేననిపించింది, ఆ రోజే లింకు తీసేశాను.

అప్పటినుంచి శుభలేఖలో లింకు పెట్టడం లేదు. ఇక్కడి అమెరికన్లు కూడా ఆహ్వానం మీద వేయరు, పెళ్ళి వెబ్‌సైటులో ఒక మూల పెడతారు. "ఏం తేవాలి?" అని అడిగినవాళ్లకే విడిగా పంపుతాను. ఈ మెసేజ్ బాగా పనిచేసింది: "అడిగారు కాబట్టి పంపుతున్నాను అత్తయ్యా. మీరు వచ్చి అక్షింతలు వేస్తే అదే చాలు. ఇవ్వాలనిపిస్తే ఇందులో చూడండి, వేరేది ఇచ్చినా మాకు సంతోషమే." పెద్దవాళ్లకైతే నేను పంపను, అమ్మే ఫోనులో మాటల మధ్య చెబుతుంది. అమ్మమ్మకు, మేనమామకు అసలు చెప్పం. మధుపర్కాలు, మెట్టెలు, వెండి కుంకుమ భరిణె, ఇవి వాళ్లు మనసులో ఎప్పుడో అనుకుని ఉంచినవి.

లిస్టు వల్ల లాభం మాత్రం నిజంగా ఉంది. ఇండియా నుంచి ప్రేమగా మోసుకొచ్చే 230 వోల్టుల మిక్సీ ఇక్కడి 120 వోల్టుల కరెంటుకు సరిగ్గా తిరగదు. మా స్నేహితురాలికి అలాంటివి రెండు వచ్చి అటక మీదే ఉన్నాయి. ఇక్కడి కరెంటుకు పనికొచ్చే గ్రైండర్‌ను మేం లిస్టులో పెడితే, ఆఫీసు ఫ్రెండ్స్ ఆరుగురు కలిసి కొన్నారు. ఖరీదైనవి ఇలా నలుగురూ కలిసి ఇచ్చేలా పెట్టి, 15 నుంచి 30 డాలర్ల లోపు వస్తువులు ఎక్కువ ఉంచండి. బాబాయిలు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి చూస్తారు, 200 డాలర్ల గిన్నెల సెట్టు పైనే కనిపిస్తే వాళ్లకు టెన్షన్.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇండియా బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకుంటే తప్ప డబ్బు కట్టడం కుదరదు, మా బంధువు ఒకాయన రెండు రోజులు తంటాలు పడ్డారు. బయట షాపులో కొన్నది లిస్టులో దానంతటదే తెలియదు, మనమే గుర్తు పెట్టాలి. నేను మర్చిపోవడంతో తమ్ముడికి రెండు ప్రెషర్ కుక్కర్లు వచ్చాయి. ఆ సైటులో తెలుగు లేదు కాబట్టి వస్తువుల పేర్లు కాగితం మీద తెలుగులో రాసి, ఫొటో తీసి అమ్మకు పంపుతాను.

నాకు బాగా నచ్చింది, ఎవరు ఏమిచ్చారో చివర్లో వచ్చే పట్టిక. దాన్ని ప్రింటు తీసి, చేతికి ఇచ్చినవాళ్ల పేర్లు కూడా కింద రాసి, నాన్నకు పంపాను. ఆయన తమ పెళ్ళి చదివింపుల పుస్తకంలోనే దాన్ని మడిచి పెట్టారు.

5కి 4 ఇస్తాను. తమ్ముడి గృహప్రవేశానికీ ఇదే వాడతాం.