లెన్స్ క్లీనర్ డిస్క్ కొంటే పాత సీడీ ప్లేయర్ బాగుపడుతుందా?

పాత సీడీ ప్లేయర్ ఏ డిస్కు పెట్టినా 'నో డిస్క్' అని మొండికేస్తే చాలామంది ముందు కొనేది లెన్స్ క్లీనర్ డిస్కే. చూడ్డానికి మామూలు సీడీలాగే ఉంటుంది. అడుగువైపు మాత్రం చిన్న చిన్న బ్రష్ కుచ్చులు అతికించి ఉంటాయి. ప్లే నొక్కితే డిస్కు తిరుగుతూ ఆ కుచ్చులతో లెన్సును ఊడుస్తుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ ఈ డిస్కు తిరగాలంటే ముందు ప్లేయర్ దాన్ని గుర్తుపట్టాలి. సీడీలో పాటల పట్టిక డిస్కు మధ్య రంధ్రానికి దగ్గరగా ఉంటుంది, ప్లేయర్ మొదట వెతికేది దాన్నే. అది దొరక్కపోతే రెండుమూడు సార్లు ప్రయత్నించి మోటార్ ఆపేస్తుంది. గొంతు పూడుకుపోయినవాడికి మాత్రలిచ్చినట్టుంటుంది వ్యవహారం.

ప్లేయర్ కాస్తో కూస్తో చదువుతున్నా ఈ డిస్కు తీసేది పొడి దుమ్మును మాత్రమే. ఏళ్ల తరబడి లెన్సు మీద పేరుకునేది పొడి దుమ్ము ఒక్కటే కాదు. సిగరెట్ పొగ, వంట ఆవిరి, లోపలి గ్రీజు ఆవిరి కలిసి పల్చటి జిడ్డు పొరగా మారతాయి. పొడి కుచ్చు ఆ పొరను అటూ ఇటూ పులుముతుంది తప్ప తీయలేదు. ప్లేయర్ బాగున్న రోజుల్లో అప్పుడప్పుడూ వాడుకునే వస్తువుగా దీనికి అయిదుకు రెండు మార్కులివ్వొచ్చు, మరమ్మతు సాధనంగా మాత్రం సున్నా. కుచ్చు వెంట్రుకలు వంకరపోతే అవతల పారేయండి. డిస్కును నోట్లోకి లాక్కునే స్లాట్ ప్లేయర్లలో పెట్టకపోవడమే మంచిది, కుచ్చు లోపల చిక్కుకోవచ్చు.

డిస్కు డబ్బులతో ఒక చిన్న సీసా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గట్టిగా చుట్టిన ఇయర్ బడ్స్ కొనుక్కుంటే అంతకంటే ఎంతో మేలు. ప్లగ్ పీకి, కొన్ని నిమిషాలు ఆగి, పైమూత విప్పండి. బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి అంచుకు ఒత్తి పిండేయాలి. తడి తగలాలి గానీ చుక్క కారకూడదు. లెన్సు వెంట్రుకవాసి తీగల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి బడ్ బరువు తప్ప వేలి బరువు దాని మీద పడకూడదు. మధ్య నుంచి అంచుకు గుండ్రంగా ఒకటి రెండు చుట్లు, తర్వాత పొడి బడ్‌తో ఒక చుట్టు చాలు. చుక్క జారి లెన్సు కిందికి దిగితే లోపలి అద్దం మీద మరక కడుతుంది, దాన్ని బయటి నుంచి తుడవడం కుదరదు. అసిటోన్, థిన్నర్ జోలికి పోవద్దు. చాలా లెన్సులు ప్లాస్టిక్‌వే, ఒక్క తుడుపుకే పాలిపోతాయి. ఊది దుమ్ము తోలడం కూడా వద్దు, నోటి తుంపరలు వెళ్లి పడేది అక్కడే.

మూత తీసి ఉంచినప్పుడే అసలు జబ్బేమిటో కళ్లారా చూసే అవకాశం దొరుకుతుంది. చాలా ప్లేయర్లలో డిస్కును పైనుంచి పట్టే బిళ్ల లోపలి ఫ్రేముకే ఉంటుంది కాబట్టి మూత లేకున్నా నడుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు, మెయిన్స్ వైర్ల వైపు చెయ్యి పోనివ్వకండి. లెన్సులోకి సూటిగా తొంగిచూడకండి. అందులోది 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్. కంటికి మసక ఎరుపు చుక్కలా కనిపించినంత మాత్రాన అది బలహీనమైనదనుకోకూడదు. పక్కనుంచి, ఏటవాలుగా చూడాలి.

ప్లగ్ మళ్లీ పెట్టి, డిస్కు లేకుండా ట్రే మూయండి. లెన్సు రెండుమూడు సార్లు పైకీ కిందికీ ఊగి ఆగాలి. అది ఫోకస్ కోసం వెతుకులాట. ఊగనే లేదంటే రిబ్బన్ కేబుల్ వదులైనా అయి ఉండాలి, లెన్సును ఊపే ఫోకస్ కాయిలైనా పోయి ఉండాలి, ఆ కాయిల్‌ను నడిపే డ్రైవర్ ఐసీకి కరెంటైనా అందకపోయి ఉండాలి. ప్లగ్ పీకి, రిబ్బన్ తీసి మళ్లీ బిగిస్తే కొన్నిసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. ఊగుతోంది, ఎరుపు చుక్క ఉంది, కానీ డిస్కు పెట్టినా తిరగడం లేదంటే వెలుగు తిరిగి వచ్చేది చాలడం లేదన్నమాట: లెన్సు మురికి, లేదా లేజర్ ముసలిదయింది. డిస్కు తిరుగుతోంది, పాటల సంఖ్య కూడా తెర మీద పడుతోంది, ఆ తర్వాతే పాట ఎగురుతోందంటే లేజర్‌ను తప్పుపట్టకండి. 'లెన్సు పోయింది' అన్న తీర్పు తొందరపాటుగా పడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

అలాంటప్పుడు చూడాల్సింది పికప్, అంటే లెన్సూ లేజరూ కలిసి ఉన్న ముక్క, జారే కమ్మీని. పాట మొదలై నడిచేకొద్దీ పికప్ లోపలి నుంచి బయటి అంచుకు చీమ నడకలా జరుగుతుంది. కమ్మీ మీద ఫ్యాక్టరీ వాళ్లు పూసిన గ్రీజు ఏళ్ల తర్వాత గట్టిపడి జిగురవుతుంది. ఏ డిస్కు పెట్టినా దాదాపు అదే నిమిషం దగ్గర తడబడుతోందంటే దోషం డిస్కుది కాదు, అక్కడ కమ్మీ మీద ఉన్న ముద్దది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, అరగంట తర్వాత దారికొచ్చే ప్లేయర్లలోనూ తరచుగా ఇదే కథ. పాత గ్రీజును ఆల్కహాల్ బడ్‌తో పూర్తిగా తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికోన్ లేదా పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గ్రీజు అగ్గిపుల్ల మొనకు అంటేంత రాయండి. పళ్లచక్రాల సందుల్లో చెత్తను పాత టూత్ బ్రష్‌తో తీయండి. పికప్‌ను జరిపే మోటార్ ఇరుసుకున్న చిన్న తెల్ల చక్రానికి పగులుందేమో భూతద్దంతో చూడండి. పగిలితే ఒక పన్ను దగ్గర ప్రతిసారీ తడబాటు వస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు ఇక్కడ కొట్టొద్దు. కొన్నాళ్లు జారి తర్వాత దుమ్మును పట్టేస్తాయి, ఆ తుంపర లెన్సు మీద కూడా పడుతుంది.

డిస్కును తిప్పే మోటార్ గురించి అంతగా ఎవరూ ఆలోచించరు. సీడీ లోపలి వైపు నిమిషానికి సుమారు 500 చుట్లు, బయటి అంచుకు వచ్చేసరికి సుమారు 200 చుట్లు తిరగాలి. అంటే మోటార్‌కు ఎక్కువ పని పడేది మొదట్లోనే. మోటార్ లోపల కరెంటు అందించే బ్రష్షులు అరిగితే పాటల పట్టిక చదివేటప్పుడే తూలుతుంది, మీకేమో లేజర్ పోయినట్టు కనిపిస్తుంది. ప్లగ్ పీకి, మోటార్ రెండు కాళ్లకూ మల్టీమీటర్ పెట్టి ఓముల మీద ఉంచి, ఇరుసును నెమ్మదిగా చేత్తో తిప్పండి. అంకె ఒక్కసారిగా ఎక్కడో పెరిగిపోతుంటే ఆ మోటార్ మార్చాల్సిందే. మార్చేముందు డిస్కు కూర్చునే పళ్లెం ఎంత ఎత్తులో ఉందో వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఆ కొలత కాస్త తప్పినా లెన్సు ఫోకస్ అందుకునే హద్దు దాటిపోతుంది.

ఇవన్నీ దాటాక మిగిలేది పికప్ మార్చడం. పాత సోనీ పికప్‌ల స్టిక్కర్ మీద ఒక అంకె ఉంటుంది. 495 అని ఉంటే ఆ లేజర్ కొత్తప్పుడు తీసుకున్న కరెంటు 49.5 మిల్లీయాంపులు. సర్వీస్ మాన్యువల్ చూపిన రెసిస్టర్ మీద వోల్టేజీ కొలిచి ఓములతో భాగిస్తే ఇప్పటి లెక్క తెలుస్తుంది. 22 ఓముల మీద 1.09 వోల్టులు వస్తే లేజర్ ఇంకా పడుచుదే. 10 శాతానికి మించి పెరిగితే దాని ఆయుష్షు దగ్గరపడింది. సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే ఓసిలోస్కోప్ ఉంటే పికప్ డిస్కు నుంచి చదివిన ఆర్ఎఫ్ సిగ్నల్ చూడండి: చాలా మోడళ్లలో 1 వోల్టు పైచిలుకు ఎత్తుతో, మధ్యలో వజ్రాకారపు గళ్లు స్పష్టంగా కనిపించాలి. మీటర్లేవీ లేనివాళ్లకు ఒక సులువైన పరీక్ష: కంపెనీ ముద్రించిన సీడీ పాడుతూ, ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్ మొరాయిస్తే లెన్సు మురికినో లేజర్ నీరసాన్నో అనుమానించొచ్చు. రీరైటబుల్ డిస్కుతో పరీక్షించకండి. అవి వెలుగును వెనక్కి పంపేది చాలా తక్కువ, పాత ప్లేయర్లు ఎన్నో వాటిని కొత్తలోనే చదవలేకపోయేవి.

సోనీ కేఎస్ఎస్-213 రకం పికప్‌లు, సాన్యో ఎస్ఎఫ్-పీ101ఎన్ ఇప్పటికీ దొరికే రకాలు. అసలువాటికంటే నకళ్లే ఎక్కువ. నకలు పనిచేయదని కాదు, ఒకదానికి ఇంకొకటి పోలికుండదు. తెచ్చిన రోజే సీడీ-ఆర్‌తోనూ, 74 నిమిషాల నిండు డిస్కు చివరి పాటతోనూ పరీక్షించండి. పేరు చివరి అక్షరం, పిన్నుల సంఖ్య సరిచూడకుండా కొనొద్దు. సాన్యోది 15 పిన్నుల్లో ఒకటి, 16 పిన్నుల్లో ఒకటి ఉన్నాయి. వీలైతే పికప్ ఒక్కటే కాకుండా మోటార్లు, పళ్లెంతో సహా వచ్చే కేఎస్ఎమ్-213 సెట్టు తీసుకోండి. పళ్లెం ఎత్తు కొలిచే బాధ ఉండదు, అరిగిన మోటార్ కూడా దాంతోపాటే పోతుంది. మార్కుల్లో ఇదే ముందు: అయిదుకు నాలుగు. కోసిన ఆ ఒక్కటి నకళ్ల పుణ్యమే.

కొత్త పికప్ బిగించి కూడా లేజర్ వెలగలేదని వెనక్కిచ్చేవాళ్లు చాలామంది ఒక చిన్న బొట్టును మర్చిపోయి ఉంటారు. స్టాటిక్ కరెంటుకు లేజర్ చచ్చిపోకుండా ఫ్యాక్టరీలో రెండు ప్యాడ్లను సోల్డర్ బొట్టుతో కలిపి పంపుతారు. రిబ్బన్ బిగించాక ఆ బొట్టును సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయాలి. ముందే తీస్తే రక్షణ పోతుంది, తీయకపోతే లేజర్ వెలగదు.

పికప్ పక్కనున్న బుల్లి స్క్రూ తిప్పి లేజర్ పవర్ పెంచమనే సలహా ప్రతిచోటా వినిపిస్తుంది. అది పనిచేస్తుంది కూడా, కొన్ని రోజులపాటు. ముసలి గుర్రాన్ని చర్నాకోలతో పరిగెత్తించడమే అది. పికప్ ఎలాగూ మార్చబోతున్నాం అనుకుంటేనే తిప్పండి, ముందుగా పాత స్థానాన్ని మార్కర్‌తో గీసుకుని.

ఫిలిప్స్ సీడీఎం-1, సీడీఎం-2 రకం మెకానిజాలు ఉన్న 1980ల ప్లేయర్ల సంగతి వేరు. వాటిలో కమ్మీ ఉండదు, లెన్సు ఒక చెయ్యి కొసన కూర్చుని అర్ధచంద్రాకారంలో ఊగుతుంది. లెన్సు గాజుది. కొత్తవి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. వీటిలో పికప్‌ను చివరిగా అనుమానించండి. లెన్సు, డిస్కుల కదలికను అదుపు చేసే సర్వో బోర్డు మీద ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చండి. రెండు వైపులా రాగి గీతలున్న బోర్డులో పైవైపునూ కిందివైపునూ కలిపే చిన్న లోహపు రివెట్లుంటాయి, వాటి సోల్డర్ కంటికి కనపడకుండా పగులుతుంది. ఒక్కొక్కదానిలోంచి సన్నని రాగి తీగ దూర్చి రెండు వైపులా సోల్డర్ చేయండి.