ఫైటర్ చేపను గప్పీల ట్యాంకుల వేయకండి: నల్లగొండల మా ఇంట్ల జరిగింది ఇదీ

అన్నలకు, అక్కలకు నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు కొత్తగ అక్వేరియం పెట్టుకుంటున్నోళ్లు ఫైటర్ చేప (బెట్టా అని కూడ అంటరు) కొనే ముందు ఇది ఒక్కసారి చదవండి. పోయిన వారం మా ఇంట్ల ఆరు చేపలు చచ్చిపోయినయి. నీళ్లు పాడుగాలేదు, రోగం రాలేదు. దుకాణంల చెప్పిన ఒక్క మాట నమ్మి నేను తెచ్చి వేసిన మగ ఫైటర్ వల్లనే పోయినయి.

మాది రెండడుగుల ట్యాంకు, 55 లీటర్ల దాక పడతది. మా బిడ్డ పుట్టినరోజుకు పెట్టినం, ఏడాది దాటింది. పది గప్పీలు, రెండు మోలీలు, అన్నీ చిన్న చిన్న అక్వేరియం చేపలే, మంచిగ తిరుగుతుండె. టౌన్ల ఒక దుకాణంకు మేత కోసం పోతే, కౌంటర్ మీద ప్లాస్టిక్ గ్లాసుల నీలం రంగు ఫైటర్ కనవడ్డది. తోక ఇప్పితే విసనకర్ర లెక్క ఉంది. బిడ్డ కొనమన్నది. "గప్పీలతోని కలుస్తదా అన్నా?" అని రెండుసార్లు అడిగిన. "కలుస్తది సార్, రెండు మగవైతెనే కొట్టుకుంటయి, ఒక్కదానితోని ఏం కాదు" అన్నడు.

ఆ మాటల సగం నిజం ఉంది, అందుకే నమ్మిన. రెండు మగ ఫైటర్లను కలిపితే కొట్టుకుంటయని అందరికీ తెలుసు. కానీ మగ గప్పీకి కూడ రంగురంగుల వెడల్పు తోక ఉంటది కద. ఫైటర్ కండ్లకు అది ఇంకో మగ ఫైటర్ లెక్కనే కనవడ్తది, తన జాగల జొరవడ్డదనుకొని మీదికి పోతది. ఇది నాకు తర్వాత తెలిసింది.

కవర్‌ను పావుగంట ట్యాంకుల తేలిచ్చి, పద్ధతిగనే వదిలిన. ఆ రాత్రి మూలకు దాసుకున్నది. పొద్దున లేచి చూస్తే చెంపలు ఉబ్బిచ్చి గప్పీల వెంట పడుతున్నది. మధ్యాహ్నానికి రెండింటి తోకలు పీలికలైనయి. దుకాణంకు ఫోన్ చేస్తే "కొత్తల గట్లనే ఉంటది, రెండు దినాలల్ల సర్దుకుంటయి" అన్నడు. నేను ఆగిన. అన్నిటికంటె పెద్ద తప్పు అదే. మూడో దినానికి ఐదు మగ గప్పీలు, కడుపుతోని ఉన్న ఒక ఆడ గప్పీ పోయినయి. మా బిడ్డ బడికి పోనని ఏడ్సింది. మళ్ల దుకాణంకు పోతే "చేపలకు గ్యారంటీ ఉండదు సార్" అన్నరు, అంతే.

ఫైటర్ కూడ బాగలేకుండె. మా ట్యాంకుల ఉన్న ప్లాస్టిక్ మొక్కల అంచులకు దాని తోక చిరిగింది. గప్పీలకని పెట్టిన ఫిల్టర్ ధార గట్టిగుంటది, అంత పెద్ద తోకతోని ఆ ధారకు ఎదురు ఈదలేక అలిసిపోయి అద్దానికి ఆనుకొని ఉండె. దాని మీద నాకు కోపం లేదు. ఇవి థాయ్‌లాండ్ దిక్కు పొలం మడుల్ల, లోతు లేని నిలవ నీళ్లల్ల పుట్టే చేపలు. మగది తన జాగను కాసుకుంటది, నురుగు గూడు కట్టి పిల్లలను కాస్తది. మనుషులు తరతరాలుగ పోరు కోసం ఏరి పెంచి ఆ గుణాన్ని ఇంకింత గట్టి చేసినరు. ఆ దేశం 2019ల దీన్ని జాతీయ జలచరం అని ప్రకటించింది.

ఇంకోమాట. ఇది మన కొర్రమీను లెక్క పైకొచ్చి గాలి పీల్చుకుంటది. అందుకనే దుకాణాలల్ల గ్లాసుల పెట్టి అమ్ముతరు, "చిన్న సీసాల పెట్టుకున్నా బతుకుతది" అని చెప్తరు. ఊపిరికి కరువు లేకున్నా, దాని మలినంతోని అంత తక్కువ నీళ్లల్ల అమ్మోనియా అనే విషం పేరుకపోయి లోపలలోపల కాలుస్తది. ఒక్కదానికి కనీసం 20 లీటర్లు ఇయ్యండి, మూత పెట్టండి, ఎందుకంటే ఎగిరి బయట పడతది. మూతకు, నీళ్లకు నడుమ గాలికి జాగ మాత్రం ఉంచండి. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్యల ఉండాలె, చలికాలం హీటర్ కావాలె.

ఇప్పటికే వేసి ఉంటే, తరుముడు కనవడ్డ గంటలనే తీసి వేరు చేయండి, రేపటి దాక చూడకండి. వేరే డబ్బాల మన కృష్ణా నల్లా నీళ్లు నేరుగ పోయొద్దు, అందుల క్లోరిన్ ఉంటది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, సగం నీళ్లు పాత ట్యాంకువే తీసుకోండి. పాత ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అందుల వేస్తే ఇంకా మంచిది. కొత్త ట్యాంకుల ఆ అమ్మోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియా తయారు కానీకి నెల, నెలన్నర పడతది, పాత స్పాంజిల ఉన్న బ్యాక్టీరియా అప్పటి దాక ఆదుకుంటది.

కలిపి పెంచాల్నని గట్టిగ అనుకుంటే గప్పీలను మాత్రం మరిచిపోండి. పెద్ద ట్యాంకు, దట్టంగ నిజమైన మొక్కలు, ట్యాంకు అడుగున తిరిగే కోరిడోరాస్ లాంటి చేపలు ముందు వేసి, ఫైటర్‌ను చివరికి దించాలె. దించే ముందు రెండు మూడు దినాలు పారదర్శకం డబ్బాల పెట్టి అదే ట్యాంకుల వేలాడదీసి చూడండి. పొద్దస్తమానం చెంపలు ఉబ్బిచ్చుకుంట డబ్బా గోడకు కొట్టుకుంటుంటే అది కలిసే చేప కాదు. ఒక్కొక్క దాని గుణం ఒక్కొక్క తీరు ఉంటది.

దుకాణందారు ఆ రోజు నన్ను ఒక్క ప్రశ్న అడగలే. నీ ట్యాంకు ఎంతది, అందుల ఏమేం ఉన్నయి, ఏం లేదు. మీరు పోయినప్పుడు ఇది గమనించండి. అవి అడగకుండనే "కలుస్తది" అన్నోళ్ల దగ్గర ఏ చేపా కొనకండి.

మా ఫైటర్ ఇప్పుడు వేరే ట్యాంకుల ఒక్కతే ఉంది, చిరిగిన తోక అంచుకు తెల్లగ కొత్త పొర వస్తున్నది. నా దగ్గర 20 లీటర్ల ట్యాంకు ఇంకొకటి ఖాళీగ ఉంది. నల్లగొండల ఎవరింట్లనైనా గిట్లనే కొట్లాట నడుస్తుంటే చెప్పండి, పైసలేం వద్దు, వచ్చి తీసుకపోండి.