లీఫ్‌లెట్‌తో నాలుగేళ్లు: లైసెన్సు ఒకటి, షరతులు వేరొకటి

బెంగళూరులోని మారతహళ్లి చుట్టుపక్కల ఇళ్లకు మంచినీళ్ల క్యాన్లు చేరవేసే ఒక సంస్థ కోసం మా చిన్న బృందం చేసిన వెబ్ యాప్‌లో మ్యాప్ చూపించడానికి నాలుగేళ్లుగా లీఫ్‌లెట్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీనే వాడుతున్నాం. దాదాపు 42 కిలోబైట్ల జావాస్క్రిప్టే కావడంతో, చౌక ఫోన్లలో కూడా మ్యాప్ తడబడకుండా కదులుతుంది.

అయితే దాని బీఎస్‌డీ లైసెన్సు చదివి, వ్యాపారానికి వాడుకోవచ్చని తేల్చుకున్న మేము అక్కడితో ఆగిపోయాం. మా యాప్‌లో లీఫ్‌లెట్ తెర మీద పేర్చే టైల్స్ (మ్యాప్ ముక్కల చిత్రాలు), వాలంటీర్లు గీసే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ల నుంచి వస్తాయని, విరాళాలతో నడిచే ఆ సర్వర్లకు తమవైన షరతులు ఉన్నాయని మొదటి ఏడాది పట్టించుకోలేదు. తప్పు పూర్తిగా మాదే.

అసలు ఇబ్బంది చిరునామాల వెతుకులాటలో వచ్చింది. కస్టమర్ ఒక్కో అక్షరం టైపు చేసినప్పుడల్లా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాలో చిరునామాలు వెతికిపెట్టే నామినాటిమ్ సేవకు ఒక రిక్వెస్టు వెళ్లేలా రాశాం. యాప్ వాడేవారందరికీ కలిపి సెకనుకు ఒక్క రిక్వెస్టే పంపాలని, ఆటోకంప్లీట్‌కు ఆ సేవను వాడనే కూడదని, హెచ్‌టీటీపీ లైబ్రరీ తనంతట తాను పెట్టే యూజర్ ఏజెంట్ (రిక్వెస్టు పంపే యాప్ ఏదో చెప్పే పేరు) చాలదని వారి నియమాల్లో స్పష్టంగా ఉంది. ఒక ఉదయం వెతుకులాట పూర్తిగా ఆగిపోయి, డెలివరీ కుర్రాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశాకే ఆ నియమాల పేజీ మొదటిసారి తెరిచాం. ఇప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాలవారీగా విడదీసి ఇచ్చే జియోఫాబ్రిక్ సంస్థ అందించే దక్షిణ భారత డేటాతో నామినాటిమ్‌ను మా సర్వర్‌లోనే నడుపుతున్నాం. ఖర్చు పెరిగినా, మనసు నిబ్బరంగా ఉంది.

మ్యాప్ మూలన కనిపించే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు అందాన్ని చెడగొడుతోందని, తీసేయమని క్లయింట్ అడిగారు. లీఫ్‌లెట్‌లో అది ఒక్క పంక్తి పని. కానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాకు 2012 నుంచి అమల్లో ఉన్న ఓడీబీఎల్ లైసెన్సు ప్రకారం ఆ పేరు ఉండి తీరాలి. వీధి వీధీ తిరిగి మ్యాప్ గీసినవారికి దక్కే గుర్తింపు అదొక్కటే కనుక, నేను ఒప్పుకోలేదు. సిగ్నల్ అందని సెల్లార్ల కోసం టైల్స్‌ను ముందే దించుకుందామన్న ఆలోచననూ టైల్ సర్వర్ల షరతులు ఒప్పుకోవని మానుకున్నాం.

ఇన్నేళ్ల వాడకంలో లీఫ్‌లెట్‌లో నాకు బాగా నచ్చింది, టైల్స్ ఎవరివైనా దానికి ఒక్కటే కావడం. అందుకే టైల్స్ చిరునామాను కోడ్‌లో రాసిపెట్టకుండా మా సర్వర్ సెట్టింగుల్లో ఉంచాం. గత ఏడాది రద్దీ పెరిగి, డబ్బు చెల్లించే టైల్స్ సేవకు మారినప్పుడు ఆ మార్పు ఒక్క పూటలో ముగిసింది.